మాల్‌లో వాటా, మాల్ కింది నేల

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం జొహానెస్‌బర్గ్‌కు తూర్పున ఉన్న ఒక టౌన్‌షిప్‌లో, చర్చి హాలులో జరిగిన సమావేశానికి లెక్కలు చూసే మనిషిగా నేను వెళ్లాను. బల్ల మీద రాబోయే షాపింగ్ సెంటర్ నమూనా పెట్టారు. థర్మాకోల్ గోడలు, పచ్చటి స్పాంజితో చేసిన చెట్లు, అగ్గిపెట్టెల్లో సగమంతైనా లేని కార్లు ఉన్నాయి. ఆ ఊళ్లో నూటికి ఎనభై మంది షేర్ టాక్సీల్లోనే తిరుగుతారన్న సంగతి నమూనా చేసినవాడికి ఎవరూ చెప్పలేదేమో, అందులో ఒక్క టాక్సీ కూడా లేదు. డెవలపర్ తరఫు మనిషి అరగంట మాట్లాడి, భూమి ఊరిది కనుక ఊరి ట్రస్టుకు మాల్‌లో మూడో వంతు వాటా వస్తుందని చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టారు. అప్పుడు రెండో వరుసలో నుంచి ఒక పెద్దావిడ లేచింది. ఇక్కడ ఆ వయసు వాళ్లను అందరూ ‘గోగో’ అంటారు, అంటే మనం ఎవరి ఇంటి ముసలమ్మనైనా ‘అమ్మమ్మా’ అని పిలిచినట్టు. ఆమె చేతిలో నల్ల అట్ట నోటుపుస్తకం ఉంది. ‘మూడో వంతు అన్నారు, సంతోషం. అది ఏ నెలలో వస్తుంది, ఎంత వస్తుంది? నేను రాసుకోవాలి’ అంది.

జవాబు ఎవరూ చెప్పలేదు. నా వైపు చూశారు. ఇంటికి వెళ్లి లెక్క వేసి చెబుతానన్నాను. ఆ లెక్క గురించే ఈ రాత.

టౌన్‌షిప్ అనగానే మన పాఠకులకు విశాఖ ఉక్కునగరమో, రామచంద్రపురంలోని బీహెచ్‌ఈఎల్ కాలనీయో గుర్తుకు వస్తుంది. వరుస క్వార్టర్లు, వేప చెట్లు, కంపెనీ కట్టించిన షాపింగ్ కాంప్లెక్స్ కళ్ల ముందు కదులుతాయి. దక్షిణాఫ్రికాలో ఆ మాటకు అర్థం వేరు. నగరానికి కూలీ చేసే చేతులు కావాలి గానీ ఆ చేతులున్న మనుషులు పక్కింట్లో ఉండకూడదని తెల్ల ప్రభుత్వం ఊరి బయట కట్టిన బస్తీలివి. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఏ రంగు వాళ్లు ఎక్కడ బతకాలో గీత గీసింది. డర్బన్ దగ్గరి చాట్స్‌వర్త్ అలా 1960లలో భారతీయుల కోసం పుట్టింది. చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వచ్చిన వారి సంతానంలో, మన తెలుగు కుటుంబాలతో సహా, వేల మందిని అక్కడికి తరలించారు. అక్కడ కూడా ఇళ్లు ముందు వచ్చాయి, దుకాణాలు తర్వాత ఎప్పుడో వచ్చాయి.

నల్లవారి టౌన్‌షిప్‌లలో దుకాణాలు రాకపోవడం మరచిపోవడం వల్ల జరిగింది కాదు, నిబంధన వల్ల జరిగింది. 1963లో ప్రభుత్వం జారీ చేసిన ఉత్తర్వుల ప్రకారం టౌన్‌షిప్‌లో నల్ల వర్తకుడు ఒకే ఒక దుకాణం నడపాలి, రోజువారీ అవసర వస్తువులే అమ్మాలి, కంపెనీ గానీ భాగస్వామ్య సంస్థ గానీ పెట్టకూడదు, దుకాణం గది సొంతంగా కట్టుకోకూడదు. బట్టలు, బల్లలు, రేడియోలు కావాలంటే రైలెక్కి తెల్లవారి నగరానికి పోవాలి. నెలంతా నగరంలో సంపాదించిన జీతం నెలాఖరుకు నగరంలోనే ఖర్చయ్యేలా చేసిన ఏర్పాటిది. జొహానెస్‌బర్గ్ శివారులోని నల్లవారి టౌన్‌షిప్ సొవెటోలో 1976 తిరుగుబాటు జరిగాక ఈ కట్లు ఒక్కొక్కటిగా సడలాయి. 1978లో నల్లవారికి టౌన్‌షిప్ నేల మీద 99 ఏళ్ల లీజు హక్కు వచ్చింది. తిరుగుబాటుకు ముందే నల్ల వర్తకుల సంఘం నాఫ్‌కాక్ పూనుకొని, చందాల రూపంలో మూలధనం పోగుచేసి, 1975లో ఆఫ్రికన్ బ్యాంకును తెరిచింది. పరాయి బ్యాంకు అప్పివ్వనప్పుడు సొంత బ్యాంకు పెట్టుకోవడం ఎంత పెద్ద మాటో, ఆ కాలపు నిబంధనలు చదివాక గానీ నాకు తెలియలేదు.

రిచర్డ్ మపోన్యా కథ ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. 1950లలో సొవెటోలో బట్టల దుకాణానికి లైసెన్సు అడిగితే ఇవ్వలేదు. అప్పుడు వకీళ్లుగా ఉన్న మండేలా, ఒలివర్ టాంబోల సంస్థను ఆశ్రయించినా ఫలితం లేకపోయింది. అందుకని పాలు అమ్మాడు. ఇళ్లలో కరెంటు లేదు, ఫ్రిజ్‌లు లేవు కాబట్టి సైకిళ్ల మీద కుర్రాళ్లను పంపి ఇంటింటికీ పోయించాడు. 1979లో సొవెటోలోని క్లిప్‌స్ప్రూట్ ప్రాంతంలో నేలను లీజుకు సంపాదించాడు. ఆ నేల మీద మపోన్యా మాల్ తెరుచుకున్నది 2007 సెప్టెంబరులో. రిబ్బను కత్తిరించింది మండేలా. ఖర్చు సుమారు 65 కోట్ల రాండ్లు (రాండ్ ఇక్కడి డబ్బు), విస్తీర్ణం 65 వేల చదరపు మీటర్లు. లీజు నుంచి రిబ్బను దాకా 28 ఏళ్లు పట్టాయి. ఆ ఇరవై ఎనిమిదేళ్లూ ఆయన పట్టుకున్నది భవనాన్ని కాదు, నేలను. ఈ సంగతి కాసేపు గుర్తుంచుకోమని పాఠకులను కోరుతున్నాను.

అయితే మపోన్యా మాల్ ప్రైవేటు ఆస్తి, ఊరి ఉమ్మడి ఆస్తి కాదు. ఊరి ఆస్తి అనే ఆలోచనకు కొంత దగ్గరగా వచ్చినది కేప్‌టౌన్ దగ్గరి ఖాయెలిత్షా. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 3 లక్షల 92 వేల మంది ఉన్న ఆ టౌన్‌షిప్‌లో నగరపాలక సంస్థ నివాసుల పేర ఒక ట్రస్టును పెట్టించి, దాని ద్వారా వ్యాపార కేంద్రాన్ని అభివృద్ధి చేయించింది. 2005లో మాల్ తెరిచారు. ప్రజల డబ్బు కాకుండా ప్రజల నేల మూలధనంగా మారే పద్ధతి అది. మా తూర్పు టౌన్‌షిప్‌లో డెవలపర్ బల్ల మీద పెట్టినది కూడా స్థూలంగా ఆ నమూనానే.

ఇక లెక్క. ఇవి అర్థం కావడానికి గుండ్రం చేసిన అంకెలు. మాల్ మొత్తం విలువ, నేలతో కలిపి, 30 కోట్ల రాండ్లు అనుకుందాం. బ్యాంకు 70 శాతం, అంటే 21 కోట్లు అప్పిస్తుంది. మిగిలిన 9 కోట్లలో డెవలపర్ నగదుగా పెట్టేది 6 కోట్లు, ఊరు నేల రూపంలో పెట్టేది 3 కోట్లు. ఈ 9 కోట్లలో 3 కోట్లు కనుక మూడో వంతు వాటా. ఇంతవరకు ఎవరూ అబద్ధం చెప్పలేదు.

మాల్ నిండా అద్దెకు పోయి, వాచ్‌మెన్లు, కరెంటు, మునిసిపల్ పన్నులు అన్నీ పోగా ఏడాదికి 3 కోట్లు మిగిలాయనుకుందాం. బ్యాంకు వడ్డీ 11 శాతం చొప్పున 2 కోట్ల 31 లక్షలు. అసలులో కట్టవలసింది 50 లక్షలు. మిగిలేది 19 లక్షలు. అందులో ఊరి మూడో వంతు 6 లక్షల 33 వేలు. ఊళ్లో 6 వేల గడపలు ఉంటే గడపకు ఏడాదికి 105 రాండ్లు. ఇక్కడ బ్రెడ్డు ప్యాకెట్టు 18, 20 రాండ్లు ఉంది. గోగో తన నోటుపుస్తకంలో రాసుకోవలసింది ఏడాదికి ఐదారు బ్రెడ్డు ప్యాకెట్లు. అది కూడా ఒక్క గదికీ తాళం పడకుండా ఉంటేనే. అద్దె రాబడి 7 శాతం తగ్గితే ఆ 19 లక్షలూ మాయమవుతాయి.

అప్పు తీరాక అంతా లాభమే కదా అని డెవలపర్ మనిషి అన్నాడు. నిజమే. కానీ అప్పు తీరే వేళకు పైకప్పు మార్చాలి, పార్కింగు మళ్లీ తారు వేయాలి, సూపర్‌మార్కెట్ వాళ్లు కొత్త హంగులు అడుగుతారు. అప్పుడు మళ్లీ అప్పు చేస్తారు. ఈ వృత్తిలో పదిహేనేళ్లుగా ఉన్నాను, అప్పు పూర్తిగా తీర్చేసి ఊరికే కూర్చున్న మాల్‌ను నేనైతే చూడలేదు. వాటాదారు అనేవాడు వరుసలో చివర నిలబడతాడు. ముందు కరెంటు వాడు, తర్వాత మునిసిపాలిటీ, తర్వాత బ్యాంకు, ఆ తర్వాతే అతను. డెవలపర్ కూడా అదే వరుసలో ఉంటాడు గానీ, అతనికి కట్టుబడి సమయంలో ఒక ఫీజు, నిర్వహణకు నెలనెలా ఒక ఫీజు ఉంటాయి. అవి ఖర్చుల పద్దులో పోతాయి కనుక ముందే ముడతాయి. ఊరికి మాత్రం డివిడెండు, అంటే చివరి మిగులులో వాటా, తప్ప మరో దారి లేదు.

అందుకని నేను సూచించింది ఇది: నేలను మూలధనంగా పెట్టవద్దు, నలభై ఏళ్ల లీజుకు ఇవ్వండి, ఏటా అద్దె తీసుకోండి. 3 కోట్ల నేలకు 5 శాతం చొప్పున 15 లక్షలు. ఇది అద్దె కనుక వడ్డీ కంటే ముందే ఖర్చుగా పోతుంది. పై లెక్కలోనే వేసి చూస్తే 3 కోట్లలో 15 లక్షలు, 2 కోట్ల 31 లక్షలు, 50 లక్షలు పోగా ఇంకా 4 లక్షలు మిగులుతుంది, అంటే మాల్ మునగదు. ఊరికి 6 లక్షల 33 వేల బదులు 15 లక్షలు వస్తుంది, ఏటా ఇంత శాతం పెరగాలని రాసుకోవచ్చు, నలభై ఏళ్ల తర్వాత నేల, దాని మీది కట్టడం రెండూ ఊరికి తిరిగి వస్తాయి. డెవలపర్‌కు ఇది నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు, అతని ఏడాది మిగులు దాదాపు 13 లక్షల నుంచి 4 లక్షలకు పడిపోతుంది. బ్యాంకుకు అంతకంటే నచ్చదు. అద్దెలు తగ్గిన ఏడాది నేల అద్దె ఆపి ముందు మా వడ్డీ కట్టాలి అని ఒక షరతు పెట్టమంటారు. ఆ షరతుకు ఊరు ఒప్పుకుంటే మళ్లీ వరుసలో చివరికే పోతుంది. ఈ ఒక్క వాక్యం మీద నా అంచనాలో కనీసం మూడు సమావేశాలు జరగాలి.

ఊరికి ఎంత వస్తుందన్న దానికంటే చిక్కు ప్రశ్న, ‘ఊరు’ అంటే ఎవరు అన్నది. ట్రస్టు పత్రంలో ‘నివాసులు’ అని ఒక్క మాట రాసి వదిలేశారు. ఇక్కడ ప్రతి ఇంటి పెరట్లోనూ రేకులతో వేసిన ఒకటి రెండు గదులుంటాయి. వాటిలో అద్దెకు ఉండేవారి సంఖ్య ఇంటివాళ్ల కంటే ఎక్కువ ఉన్న వీధులు నేను చూశాను. ఇరవై ఏళ్లుగా ఆ పెరటి గదిలో ఉన్నవాడు నివాసి అవునా, కాదా? ఇల్లు తమ పేరున ఉండి, నగరంలో మంచి పేటకు మారిపోయినవాళ్లు అవునా, కాదా? ఈ ప్రశ్న వేసినప్పుడు హాలులో మొదటిసారి గొంతులు పెరిగాయి. నా అభిప్రాయం అడిగితే గడపను కాకుండా మనిషిని లెక్కించాలన్నాను, ఇన్నేళ్లు అక్కడ ఉన్నవాళ్లెవరైనా సరే అని. అది చాలామందికి రుచించలేదు. డబ్బు పంచకుండా పిల్లల బడి ఫీజులకు, ఆసుపత్రి అంబులెన్సుకు ఖర్చు పెడితే ఈ తగువు సగం తగ్గుతుందని చర్చి పాస్టరుగారు అన్నారు. అది కూడా సబబే.

ఆ చర్చి హాలులో కూర్చుని ఉండగా నాకు మాటిమాటికీ గుర్తొచ్చినవాడు లియాన్ సల్లివన్ అనే మరో పాస్టరు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు జయాన్ బాప్టిస్ట్ చర్చిలో 1962లో ఆయన తన సంఘస్తులకు ఒక పథకం చెప్పాడు: నెలకు 10 డాలర్ల చొప్పున 36 నెలలు కట్టండి. మొదటి 16 నెలల డబ్బు ధర్మకార్యాల ట్రస్టుకు పోతుంది, తర్వాతి 20 నెలల డబ్బు వ్యాపార సంస్థలో మీ వాటా అవుతుంది. యాభై మంది వస్తారనుకుంటే రెండు వందలకు పైగా వచ్చారు. ఆ డబ్బు పునాదిగా 1968లో ప్రోగ్రెస్ ప్లాజా తెరుచుకుంది, నల్లవారి యాజమాన్యంలో అమెరికాలో తొలి షాపింగ్ సెంటర్లలో ఒకటిగా. దానం చేసే చేతిని, లాభం అడిగే చేతిని ముందు నుంచే వేరు చేసి పెట్టడం ఆ పథకంలో నాకు బాగా నచ్చిన సంగతి. ఇదే సల్లివన్ తర్వాత జనరల్ మోటార్స్ డైరెక్టర్ల బోర్డులో చేరి, దక్షిణాఫ్రికాలో పనిచేసే అమెరికన్ కంపెనీలు నల్ల కార్మికులను ఎలా చూడాలో 1977లో సూత్రాలు రాశాడు. ఇక్కడి పాతతరం కార్మిక నాయకులకు ఆయన పేరు ఆ సూత్రాల వల్లనే తెలుసు, ప్లాజా సంగతి తెలియదు.

ఆ ప్లాజా చరిత్రలో తర్వాతి పేజీ కూడా చదవాలి. 1990ల చివర్లో అందులోని సూపర్‌మార్కెట్ మూతబడింది. దాదాపు పదేళ్లు ఆ చోట తాజా కూరగాయలు అమ్మేవాళ్లు లేరు. 2009లో గానీ కొత్త సూపర్‌మార్కెట్ రాలేదు. భవనం సొంతమైనంత మాత్రాన అందులో దుకాణం పెట్టమని ఎవరినీ కట్టిపడేయలేము.

ఇక్కడి టౌన్‌షిప్‌లలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. దేశమంతా శాఖలున్న పెద్ద దుకాణాలతో ఒప్పందాలు చేసుకొని వస్తేనే బ్యాంకు అప్పిస్తుంది. పెద్ద సూపర్‌మార్కెట్ పదేళ్ల లీజు అడుగుతుంది, చదరపు మీటరుకు చిన్న దుకాణదారు కట్టే దానికంటే ఎంతో తక్కువ అద్దె కడుతుంది. నెల మొదట్లో సామాజిక పింఛన్లు ఆ సూపర్‌మార్కెట్ క్యాషు కౌంటర్లలోనే చాలామంది తీసుకుంటారు కనుక, జనం కాళ్లు అటే నడుస్తాయి. జనాన్ని రప్పించేవాడు తానే కనుక తక్కువ అద్దె అడిగే హక్కు తనకు ఉందంటాడు. మరి తానున్న మాల్‌లో ఇంకొకరు మాంసం కొట్టో, బ్రెడ్డు బేకరీయో పెట్టకూడదని లీజులో రాయించుకునే అలవాటు కూడా చాలా ఏళ్లు సాగింది. వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే ప్రభుత్వ సంస్థ కాంపిటీషన్ కమిషన్ కిరాణా రంగంపై విచారణ జరిపి 2019లో ఇచ్చిన నివేదికలో ఈ షరతులు పోవాలని గట్టిగా చెప్పింది. ఆ తర్వాతి ఏడాది షాప్‌రైట్ అనే సూపర్‌మార్కెట్ల సంస్థ చిన్న వ్యాపారుల మీద ఆ షరతులు అమలు చేయడం ఆపుతామని కమిషన్‌తో ఒప్పందం చేసుకుంది. మా ముసాయిదా లీజులో మాత్రం ఆ షరతు వేరే మాటల్లో, పదిహేడో పేజీలో, ‘అద్దెదారుల సమతూకం’ అన్న శీర్షిక కింద నక్కి కూర్చుంది. కొట్టేయమన్నాను.

గేటు బయట మగ్విన్యా వేయించి అమ్మే ఆడవాళ్లు పదకొండు మంది ఉన్నారు. మగ్విన్యా అంటే మన మైసూరు బోండాకు దూరపు చుట్టం, మైదాపిండితో, లోపల ఏమీ లేకుండా. తెల్లవారుజామున నాలుగున్నరకు టాక్సీలు కదలక ముందే వాళ్ల మూకుళ్లు పొయ్యి మీద ఉంటాయి. నమూనాలో వాళ్లకు చోటు లేదు. ‘ఫుడ్ కోర్టులో గది తీసుకోవచ్చు’ అన్నాడు డెవలపర్ మనిషి. ఫుడ్ కోర్టు పదింటికి తెరుస్తారు. టాక్సీ స్టాండును మాల్ వెనక ఎక్కడో పెట్టాలన్న ప్రణాళికను డ్రైవర్ల సంఘం వ్యతిరేకించింది, ఆ ఒక్క విషయంలో ఆడవాళ్లూ డ్రైవర్లూ ఒక్కటయ్యారు. ఇప్పుడు స్టాండు ముందు వైపుకు వచ్చింది, దాని అంచున నీళ్ల కుళాయితో, రేకు కప్పుతో పన్నెండు చిన్న బడ్డీలు గీశారు. మొత్తం చర్చలో ఊరికి నికరంగా దక్కిన మొదటి విజయం ఇదే అని నేను అనుకుంటున్నాను.

2021 జులైలో అల్లర్లు చెలరేగినప్పుడు నేను జొహానెస్‌బర్గ్‌లోనే ఉన్నాను. దేశంలో 350 మందికి పైగా చనిపోయారు, 160కి పైగా మాల్‌లు దెబ్బతిన్నాయి. సొవెటోలోని మెడోలాండ్స్‌లో ఒక మాల్‌లో తొక్కిసలాటలో పది మంది చనిపోయారు. అదే సొవెటోలో మపోన్యా మాల్ దగ్గర మాత్రం చుట్టుపక్కల జనం, టాక్సీవాళ్లు చలిలో రాత్రంతా కాపలా కాశారు, దాన్ని ముట్టనివ్వలేదు. డెవలపర్లు ఈ ఉదాహరణను ఇప్పుడు ప్రతి సమావేశంలోనూ చెబుతారు: ‘వాటా ఉంటే జనం కాపాడుకుంటారు.’ ఈ మాటలో ఒక పొరపాటు ఉంది. కాపలా కాసినవాళ్లలో ఎక్కువ మందికి ఆ మాల్‌లో చిల్లిగవ్వ వాటా లేదు. వాళ్లకు తెలిసింది, ఆ గోడ మీది పేరు సైకిళ్ల మీద తమ తాతలకు పాలు పోయించిన మనిషిదని. ట్రస్టులో కాగితపు వాటా ఇస్తే జనం వచ్చి కాపలా కాస్తారని లెక్క వేసుకునేవాళ్లు ఏడాదికి 105 రాండ్ల సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

రెండో సమావేశం పోయిన ఆదివారం జరిగింది. నేను వేసిన రెండు లెక్కలనూ చార్టు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను. గోగో నిలబడి మొత్తం చదివి, నోటుపుస్తకంలో ఎక్కించుకుంది. ఆ పుస్తకం ఆమె స్టాక్‌ఫెల్ లెక్కల పుస్తకమని అప్పుడు తెలిసింది. స్టాక్‌ఫెల్ అంటే మన చీటీల వంటిదే, పాట ఉండదు, వంతుల ప్రకారం డబ్బు తిరుగుతుంది. ఇరవై ముగ్గురు సభ్యులు, పంతొమ్మిదేళ్లుగా ఒక్క నెల తప్పలేదట. ‘నీ మొదటి లెక్కలో మేము అందరికంటే చివర ఉన్నాం, రెండో దాంట్లో ముందు ఉన్నాం. అంతేనా, అబ్బాయీ?’ అని అడిగింది. అంతేనన్నాను. ‘మరి ముందే ఇలా ఎందుకు రాయలేదు?’ అంది. రాసింది నేను కాదు గోగో, అన్నాను. నవ్వలేదు.

డెవలపర్ మంగళవారం ఉత్తరం పంపాడు. లీజుకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నాడు గానీ 5 శాతం కాదు, 4 శాతం అంటున్నాడు. అంటే 12 లక్షలు. నేల అద్దె వడ్డీ కంటే ముందా, వెనకా అన్న దాని మీద ఉత్తరంలో ఒక్క మాట లేదు. బ్యాంకును అడిగి చెబుతానని ఫోనులో అన్నాడు. పెరటి గదులవాళ్ల జాబితా తయారు చేయడానికి పాస్టరుగారు ఆరుగురు కుర్రాళ్లను పెట్టారు, ఇప్పటికి రెండు వీధులు అయ్యాయి.